మెయిన్ రోడ్డును అరవై అడుగులు చేస్తున్నారు. అందులో అమ్మ చక్రాల కుర్చీకి ఎన్ని అడుగులు?

పాతబస్టాండు — జూన్ 8, రాత్రి 9.40
అందరికీ నమస్కారం. గుంటూరు నుంచి బస్సులో గంట ప్రయాణం మా ఊరు. పేరు మాత్రం రాయను, రాస్తే రేపు కార్యాలయంలో నా కాగితం కదలదు. మా మెయిన్ రోడ్డును అరవై అడుగులకు విస్తరిస్తున్నారు. గోడల మీద ఎర్ర రంగు గుర్తులు పడ్డాయి. ప్లాను కాగితం నోటీసు బోర్డుకు అంటించి, అభ్యంతరాలుంటే ఈ నెల 30లోగా రాసివ్వమన్నారు.

ఫొటో తీసుకుని ఇంటికొచ్చి ఫోనులో పెద్దది చేసి చూశాను. మధ్యలో డివైడరు, అటూ ఇటూ రెండేసి వరుసల తారు రోడ్డు, చివర్న మురుగు కాలువ, దాని మీద మూత బిళ్ళలు. ఆ బిళ్ళలకే కాలిబాట అని పేరు పెట్టారు. వెడల్పు నాలుగు అడుగులు. కరెంటు స్తంభాలు కూడా ఆ నాలుగు అడుగుల్లోనే.

మా అమ్మకు పక్షవాతం వచ్చి రెండేళ్లయింది. వారానికి మూడు సార్లు బస్టాండు పక్కన ఫిజియోథెరపీకి వెళ్లాలి. ఆటో ఎక్కించి దించడానికి ఇద్దరు మనుషులు కావాలి, ఇంట్లో ఉన్నది నేనొక్కడినే. అందుకని చక్రాల కుర్చీలో తోసుకుంటూ వెళ్తాను, రోడ్డు మీదే, లారీలకు ఎదురుగా. అభ్యంతరం రాయాలని కూర్చున్నాను. బాగోలేదని రాయడం తేలికే, ఏం కావాలో రాయడం దగ్గర కలం ఆగిపోయింది. ఏం రాయమంటారు?

రెండుచక్రాలు — జూన్ 8, రాత్రి 10.15
అమ్మగారి పరిస్థితికి బాధగా ఉంది అన్నా. కానీ ముందు రోడ్డు పెద్దదవుతున్నందుకు సంతోషించండి. మా ఊళ్లో పదేళ్లుగా అడుగుతుంటే దిక్కు లేదు. కాలిబాట ఎంత వెడల్పు వేసినా ఆరు నెలలు తిరక్కుండా టిఫిన్ బండి, పూల బుట్టలు, ఫ్లెక్సీ కర్రలు వచ్చి కూర్చుంటాయి. ఎవరూ నడవని దానికి జాగా వృథా. బస్టాండు దగ్గర ఒక పాదచారుల వంతెన కట్టమని అడగండి. మనుషులు పైనుంచి పోతారు, బండ్లు కింద పోతాయి, ఎవరి గొడవా ఎవరికీ ఉండదు.

విశ్రాంత_ఇంజనీరు — జూన్ 9, ఉదయం 6.05
ముప్ఫై ఏళ్లు మున్సిపల్ పనులు చేసి రిటైరైనవాణ్ణి. వంతెన మాట ముందు తేలుద్దాం. కింద లారీలు, బస్సులు పోవాలంటే ఐదున్నర మీటర్ల ఖాళీ వదలాలి, దాని మీద వంతెన మందం. అంటే సుమారు ఆరు మీటర్లు ఎక్కాలి. అరడుగు మెట్టు చొప్పున నలభై మెట్లు. అవతల మళ్లీ నలభై దిగాలి. లిఫ్టు పెడతాం అంటారు. పెట్టిన లిఫ్టుకు కరెంటు బిల్లు ఎవరు కడతారో, చెడితే ఎవరు బాగుచేస్తారో తేలేసరికి లోపల కుక్కలు పడుకుంటాయి. ఆ వంతెన బండ్ల సౌకర్యానికి కడతారు, శిలాఫలకం మీద మాత్రం పాదచారుల పేరు వేస్తారు. నేనూ రెండు కట్టించాను, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

ఇక కొలతలు. మన దేశంలో రోడ్ల ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్. దాని 103వ నంబరు మార్గదర్శకాలు పాదచారుల గురించే. 2012 ప్రతి నా దగ్గర ఉంది, 2022లో సవరించింది కూడా వచ్చింది. కాలిబాట మీద ఏ అడ్డూ లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు, 2.2 మీటర్ల ఎత్తు ఖాళీగా ఉండాలి. అంటే ఆరడుగులు. స్తంభం, చెట్టు, బోర్డు అన్నీ ఆ ఆరడుగుల బయటే. దుకాణాల వీధి అయితే ఇంకా ఎక్కువ. అంచు రాయి ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు.

మేము మించేవాళ్లం. బండ్లు ఎక్కకుండా ఉంటాయని అడుగు ఎత్తు, అడుగున్నర ఎత్తు కట్టేవాళ్లం. బండ్లు ఎలాగూ ఎక్కాయి. ఎక్కనిది ముసలివాళ్లే. ఇంకో తప్పు కూడా చేశాం. పాత తారు గీకకుండా దాని మీదే కొత్త పొర వేయడం. ఒక్కో పొర ఒకటి రెండు అంగుళాలు. పాతికేళ్లు గడిచేసరికి రోడ్డు ఇళ్ల గడపల కంటే పైకి లేచింది. వానాకాలంలో నీళ్లు ఎవరింట్లోకి వెళ్తాయో అప్పుడు తెలిసింది.

బాబూ, మీరు రాయడానికి ముందు ఒక పని చేయండి. ఇంటి నుంచి బస్టాండు దాకా ఇప్పుడున్న కాలిబాట మీదే ఒక్కరే నడవండి. ఎన్ని సార్లు ఎక్కి దిగాల్సి వచ్చిందో లెక్కపెట్టండి. టేపు తీసుకెళ్లండి.

కిరాణాకొట్టు — జూన్ 9, మధ్యాహ్నం 2.30
మెయిన్ రోడ్డు మీద నలభై ఏళ్ల కొట్టు మాది, వేరే ఊరు. విస్తరణలో ముందు గది పోయింది. ఇప్పుడు మిగిలిన దాని ముందు ఆరడుగుల కాలిబాట అంటే బియ్యం బస్తా ఎక్కడ దించాలి? వచ్చినవాళ్లు బండి ఎక్కడ పెట్టాలి? బండి పెట్టే చోటు లేకపోతే బేరం పక్క వీధికి పోతుంది. ఇంజనీరు గారు పుస్తకంలో కొలతలు చెప్పారు బాగానే ఉంది, గల్లాపెట్టె కొలత కూడా చూడాలి కదండీ.

టి_నగర్_వాసి — జూన్ 9, సాయంత్రం 5.50
కిరాణాకొట్టు గారూ, మీ మాటలే మా పాండీ బజారు వ్యాపారులూ అన్నారు. నేను చెన్నైలో స్థిరపడ్డ నెల్లూరువాణ్ణి. పాండీ బజారు అసలు పేరు త్యాగరాయ రోడ్డు. అది ఉన్న టి. నగర్ పేటకే పేరిచ్చిన పిట్టి త్యాగరాయ చెట్టిగారు తెలుగువారే, పక్కనున్న పార్కు పేరులోని పానగల్ రాజావారూ మనవారే. ఆ గర్వం పక్కన పెడితే, పండగ ముందు అక్కడ నడవడం అంటే ఒకప్పుడు యుద్ధమే.

చెన్నై నగరపాలక సంస్థ 2014లోనే నడకకూ సైకిళ్లకూ ఒక విధానం ప్రకటించింది. ఆ తరువాత ఈ వీధిని మార్చి 2019 నవంబరులో ప్రారంభించారు. బండ్లు నడిచే భాగాన్ని తగ్గించి కాలిబాటను పెంచారు, బల్లలు వేశారు, చెట్లు నరకకుండా వాటి చుట్టూ కట్టారు. మొదలుపెట్టే ముందు కొన్ని రోజులు వీధిని బండ్లకు మూసి ప్రయోగంగా చూశారు కూడా. ఇప్పుడు సాయంత్రం పూట మా అత్తగారు అక్కడ బల్ల మీద కూర్చుని మల్లెపూలు మాలకడుతూ గంట గడుపుతారు. ఏమీ కొనని రోజు మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

అంతా బాగుందని అనను. ప్రధాన వీధి దాటి పక్క సందులోకి తిరిగితే ఆ కాలిబాట అక్కడికక్కడే ఆగిపోతుంది. అన్నట్టు, ఒకప్పుడు కాలిబాట మీద అమ్ముకునేవాళ్లను అంతకుముందే ఒక భవనంలోకి పంపించారు. మెట్లెక్కి పిన్నీసులు కొనేవాళ్లు ఎందరు?

బత్తాయి — జూన్ 9, రాత్రి 8.20
ఆ ఆఖరి వాక్యం కోసమే రాస్తున్నాను. మా నాన్న ఇరవై ఏళ్లుగా తోపుడు బండి మీద పళ్లు అమ్ముతారు. ఆ బండి మీదే నేను డిగ్రీ చదివాను. ఎక్కడ కాలిబాట మాట వచ్చినా మొదట 'ఆక్రమణ' అంటారు, రెండో మాట మా బండి గురించే ఉంటుంది. దుకాణం వాళ్లు మెట్లు రెండడుగులు ముందుకు కట్టుకుంటే దాన్ని ఎవరూ ఆక్రమణ అనరు.

2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. ప్రతి ఊళ్లోనూ పట్టణ వ్యాపార కమిటీ ఉండాలి, అందులో కనీసం నలభై శాతం సభ్యులు వీధి వ్యాపారులే కావాలి. సర్వే చేసి గుర్తింపు ఇవ్వకుండా లేపకూడదు. పాతబస్టాండు గారూ, మీ కాగితంలో మా బండ్లు తీసేయమని రాయకండి. బండ్లకు చోటు గీయమని రాయండి. సాయంత్రం ఏడు దాటాక ఆడపిల్ల ఒంటరిగా నడవాలంటే ఖాళీ కాలిబాట కంటే పళ్ల బండి, దాని మీద వేలాడే లైటు ఉన్న కాలిబాటే ధైర్యం.

ఒహాయో_నుంచి — జూన్ 10, ఉదయం 7.10
నిజం అండీ. ఇక్కడ అమెరికాలో మా కాలనీలో ప్రతి మూలకూ వాలు ఉంది, చూపు లేనివాళ్ల కోసం చుక్కల పలక ఉంది, సిగ్నలు దగ్గర మీట నొక్కితే శబ్దం వస్తుంది. 1990లో వచ్చిన వికలాంగుల చట్టం పుణ్యం. చక్రాల కుర్చీలో వెళ్లడానికి ఏ లోటూ లేదు, వెళ్లడానికి చోటే లేదు. కూరగాయల కొట్టు రెండు మైళ్ల దూరం, మధ్యలో ఏడు వరుసల రోడ్డు. మా అమ్మ వచ్చినప్పుడు రెండు వారాలు నడిచి మానేసింది. 'ఒక్క మనిషి ఎదురుపడడు, ఎవరిని పలకరించను' అంది. అంత చేసినా 2022లో ఈ దేశంలో బండ్లు ఢీకొని 7,500 మందికి పైగా పాదచారులు పోయారు, నలభై ఏళ్లలో అంత ఎప్పుడూ లేదట. వెడల్పాటి రోడ్డును చూసి మనవాళ్లు మురిసిపోకూడదు.

డ్యూటీనర్సు — జూన్ 10, రాత్రి 11.55
రాత్రి డ్యూటీలో ఉన్నాను, రెండు మాటలు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లు. రోజుకు తొంభై మంది. మా క్యాజువాలిటీలో వాళ్లను గుర్తుపట్టడం తేలిక. చేతిలో సంచీ ఉంటుంది, పక్కన ఎవరూ ఉండరు.

గంటకు 30 కిలోమీటర్ల వేగంతో కారు తగిలితే పదిమందిలో తొమ్మిది మంది బతుకుతారు. వేగం యాభై దాటే కొద్దీ ఆ లెక్క తిరగబడుతూ పోతుంది. ప్లానులో డివైడరు, రెండేసి వరుసలు అన్నారు చూడండి, అలాంటి రోడ్డు మీద బడి ముందు కూడా బండి అరవైకి తగ్గదు. బోర్డు మీద 30 అని రాస్తే ఎవరూ చూడరు. రోడ్డే వాళ్లను ఆపాలి.

రెండుచక్రాలు — జూన్ 11, ఉదయం 8.30
రోడ్డు ఎలా ఆపుతుంది అక్కా? స్పీడ్ బ్రేకర్లా? వెన్నుపూస విరిగేలా వేసినవాటి మీదుగానే రోజూ ఆఫీసుకు పోతున్నాను.

విశ్రాంత_ఇంజనీరు — జూన్ 11, ఉదయం 9.15
ఆ వీపు విరిచే దిబ్బలు కాదు నాయనా. వరుస వెడల్పు మూడున్నర మీటర్లు ఉంటే డ్రైవరు కాలు దానంతటదే తొక్కుతుంది, మూడు మీటర్లు ఉంటే కొంచెం వెనక్కి తగ్గుతుంది. మలుపు దగ్గర అంచు గుండ్రంగా పెద్దగా తిప్పితే లారీ వేగం తగ్గించకుండా తిరుగుతుంది, బిగించి కడితే ఆగి తిరుగుతుంది. మనుషులు దాటే చోట జీబ్రా గీతలు తారు మీద గీయకుండా, ఆ దాటే దారినే కాలిబాట ఎత్తుకు లేపి, పైన చదునుగా, అటూ ఇటూ వాలుగా కట్టాలి. బండివాడు మెల్లగా ఎక్కి దిగుతాడు. నడిచేవాడికి ఎక్కడం దిగడం ఉండదు, వానాకాలంలో నీళ్లలో కాలు పెట్టే పనీ ఉండదు. కానీ అంచున నీరు పోయే దారి వదలకపోతే అదే ఆనకట్ట అవుతుంది, మొదటి వానకే తవ్వి పారేస్తారు. ఇది అనుభవం.

అరవై అడుగులను ఇలా పంచి చూడండి. రెండు పక్కలా ఆరేసి అడుగులు నడకకు. దాని పక్కన ఆరున్నర అడుగుల పట్టీ: స్తంభాలు, చెట్లు, తోపుడు బండ్లు, బండ్లు నిలిపే చోటు, కిరాణాకొట్టు గారి బియ్యం బస్తా అన్నీ ఆ పట్టీలోనే. రెండు వైపులా కలిపి ఇరవై అయిదు అడుగులు. ఇంకా ముప్ఫై అయిదు అడుగులు మిగిలాయి. చిన్న ఊరి మెయిన్ రోడ్డుకు అటొక బస్సు, ఇటొక బస్సు, ఆటో ఆగితే పక్కనుంచి పోయే వీలు, అన్నీ అందులో సరిపోతాయి. పొడవునా డివైడరు వద్దు. దాటే చోట్ల మాత్రం మధ్యలో నిలబడడానికి చిన్న దిమ్మె, చక్రాల కుర్చీ పట్టేంత ఖాళీతో.

తెల్లకర్ర — జూన్ 11, సాయంత్రం 4.40
నాకు చూపు లేదు, ఈ చర్చ అంతా ఫోను చదివి వినిపించింది. ఇంజనీరు గారి ప్లాను బాగుంది, ఒక్క చోట మాత్రం నాకు భయం వేసింది. కాలిబాటా దాటే దారీ ఒకే ఎత్తులో ఉంటే నేను రోడ్డు మీదికి వచ్చానని నాకెలా తెలుస్తుంది? మీరంతా తిట్టే ఆ అంచు రాయే నాకు గోడ. కర్ర దానికి తగిలితే ఆగుతాను. పాతబస్టాండు గారి అమ్మగారికి అడ్డమైనదే నాకు ఆసరా.

దీనికి మందు పసుపు పలకలు. జపానులో సెయిచి మియాకే అనే ఆయన 1965లో కనిపెట్టారు, 1967లో ఒకాయామాలో అంధుల పాఠశాల దగ్గర మొదట పరిచారు. గీతలున్న పలక అంటే సాగిపో, చుక్కలున్న పలక అంటే ఆగు. అంతే భాష. అమ్మగారి కోసం అంచును నేలకు దించండి, దించిన చోట అడ్డంగా నా కోసం చుక్కల పలకలు వేయండి. ఇద్దరం వెళ్తాం.

కానీ మన దగ్గర వాటిని ముగ్గులనుకుంటున్నారు. ఒక నగరంలో గీతల పలకల వెంట నమ్మకంగా నడిచాను, ఆ దారి నన్ను తిన్నగా ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె దగ్గరికి తీసుకెళ్లింది. మరో చోట అందం కోసం వంకరటింకరగా వేశారు, తాగినవాడిలా నడిచాను. ఇంకో సంగతి, కర్ర నేలను తడుముతుంది, నడుము పైన ఉన్నవాటిని చెప్పలేదు. స్తంభానికి ఏటవాలుగా కట్టిన తీగ, దుకాణం ముందు వేలాడే బోర్డు, తలుపు తెరిచిన లారీ, ఇవన్నీ నా నుదుటి మీద ఉన్నాయి.

నల్లకోటు — జూన్ 11, రాత్రి 9.00
కాగితంలో రెండు వాక్యాలు కలపండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం రవాణా, రోడ్లు కూడా అందరికీ అందుబాటులో ఉండాలంటుంది. 2025 మే నెలలో సుప్రీంకోర్టు కాలిబాటపై నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమని చెప్పింది, అవి వికలాంగులకు అనువుగా ఉండాలని కూడా అంది. గట్టిగా అరవనక్కర్లేదు, ఈ రెండూ రాసి రసీదు తీసుకోండి. రసీదు మరవకండి.

పాతబస్టాండు — జూన్ 14, ఉదయం 10.20
నడిచాను. మా గుమ్మం నుంచి బస్టాండు గేటు దాకా ఫోను చూపించింది 640 మీటర్లు. కాలిబాట అన్నది ఎక్కడ ఉంటే అక్కడ దాని మీదే నడిచాను. ఎక్కడం దిగడం 23 సార్లు. సగానికి పైగా ఇళ్ల గేట్ల ముందు కార్ల కోసం కట్టుకున్న వాలులే, ఎవరి గేటు ఎత్తు వాళ్లది. మూడడుగుల కంటే ఇరుకైన చోట్లు తొమ్మిది. అన్నింటికంటే ఇరుకు పదహారు అంగుళాలు, స్తంభానికీ మిఠాయి దుకాణం మెట్టుకీ మధ్య. టేపు పెడుతుంటే దుకాణం ఆయన బయటికొచ్చి 'కొలత మళ్లీ మారిందా' అని కంగారుపడ్డాడు.

మర్నాడు అమ్మను తీసుకుని అదే దారిలో ప్రయత్నించాను. డెబ్భై అడుగులు వేయకముందే కుర్చీ ముందు చక్రం కాలువ జాలీలో దిగిపోయింది. ఆ జాలీ కడ్డీలు మనం నడిచే వైపుకే పొడుగ్గా ఉన్నాయి, మధ్య సందు నా బొటనవేలంత. వెనక్కి లాగితే రాలేదు. అమ్మ ముందుకు ఒరిగిపోయి నా చొక్కా పట్టుకుంది. బడికి పోతున్న ఒక అబ్బాయి క్యారియరు కింద పెట్టి, వంగి, చక్రాన్ని చేత్తో పక్కకు తిప్పి తీశాడు. 'మా తాతయ్యదీ ఇక్కడే ఇరుక్కుంటుంది' అన్నాడు. అంటే ఈ ఊళ్లో ఇంకో కుర్చీ ఉంది. రెండేళ్లలో నేను ఒక్కసారి కూడా చూడలేదు.

విశ్రాంత_ఇంజనీరు — జూన్ 14, ఉదయం 11.00
జాలీ కడ్డీలు నడకకు అడ్డంగా ఉండాలి, సందు అర అంగుళం మించకూడదు. రాయండి. గేటు వాలుల సంగతి కూడా: కాలిబాట ఎత్తు మారకూడదు, కారు ఎక్కే వాలు అంతా స్తంభాల పట్టీలోనే ముగియాలి. కాలిబాట తెగకుండా సాగుతుంది, కారే దాని మీదుగా మెల్లగా దాటుతుంది. కుర్చీ ఎక్కే వాలు మాత్రం ఒకటికి పన్నెండు: అరడుగు ఎత్తుకు ఆరడుగుల పొడవు. అంతకంటే నిటారుగా కడితే అది జారుడుబల్ల.

కిరాణాకొట్టు — జూన్ 14, మధ్యాహ్నం 1.15
పదహారు అంగుళాల దగ్గర నాకు గుచ్చుకుంది. ఇప్పుడే లేచి మా కొట్టు మెట్టు కొలిచాను. రెండడుగుల రెండు అంగుళాలు బయటికి ఉంది. మా నాన్న కట్టించారు, అప్పుడు రోడ్డు కింద ఉండేది, ఇప్పుడు పైకి వచ్చింది, మెట్టు అవసరమే లేదు. అయినా అలాగే ఉంది. ఈ ఆదివారం మేస్త్రీని పిలుస్తాను. బత్తాయి అమ్మాయీ, నీ మాట తగిలింది.

నిర్వాహకులు — జూన్ 14, రాత్రి 7.00
మెట్ల మీద మొదలైన వ్యక్తిగత వాదన తొలగించాం. విషయానికే కట్టుబడండి.

పాతబస్టాండు — జూన్ 29, రాత్రి 8.45
కాగితం ఇచ్చాను. నాలుగు పేజీలు, రసీదు తీసుకున్నాను. 23, తొమ్మిది, పదహారు మొదటి పేజీలోనే పెట్టాను. కొలతలు చూసి అక్కడి ఇంజనీరు, కుర్రాడే, 'ఇవన్నీ మీరే కొలిచారా' అని అడిగాడు. మర్నాడు తానే వచ్చాడు. పంపకం అంతా ఒప్పుకోలేదు. డివైడరు తీయడం తన చేతిలో లేదన్నాడు, పై నుంచి వచ్చిన నమూనా అట. కానీ స్తంభాల జరుపుడు ఎలాగూ అంచనాలో ఉంది కాబట్టి అవి కాలిబాటలో కాకుండా బయటి పట్టీలో నాటడానికి రాస్తానన్నాడు. జాలీలు మార్చడం చిన్న పని, అది ఖాయమన్నాడు. బడి ముందు ఒక్కచోట దాటే దారిని ఎత్తు చేసి చూద్దామన్నాడు.

మిఠాయి దుకాణం నుంచి బడి దాకా ఆరడుగుల దగ్గర సుద్దతో గీత గీశాం, అతనొక చివర, నేనొక చివర. సాయంత్రం వెళ్లి చూస్తే ఇద్దరు పళ్ల బండివాళ్లు ఎవరూ చెప్పకుండానే గీతకు అవతల నిలబడ్డారు. ఒక కారు మాత్రం గీత మీద ఉంది. రాత్రి వాన పడింది, గీత పోయింది. ఈ రోజు మళ్లీ గీశాను.

తెల్లకర్ర — జూన్ 29, రాత్రి 9.30
బడి ముందు పలకలు వేస్తారా?

పాతబస్టాండు — జూన్ 29, రాత్రి 9.34
వేస్తామన్నారు. వచ్చే నెలలో.

తెల్లకర్ర — జూన్ 29, రాత్రి 9.41
నేనుండేది గుంటూరే. సిమెంటు పోశాక పిలిస్తే తప్పు చూపించడానికే పనికొస్తాను. పలకలు నేల మీద వదులుగా పరిచి, ఇంకా అంటించని రోజున పిలవండి. కర్రతో నడిచి చూస్తాను, తేడా ఉంటే అక్కడే జరపొచ్చు.

పాతబస్టాండు — జూన్ 29, రాత్రి 9.50
తప్పకుండా అండీ. ఆ రోజు బస్సు దిగే చోట నేనూ అమ్మా ఉంటాం. ఆ అబ్బాయి వాళ్ల తాతయ్య ఇల్లు కూడా కనుక్కున్నాను, ఆయన్నూ తీసుకొస్తాం.